కాలువ మీద మా బుట్టలు

తాటాకు బుట్ట నీళ్ళలో పడితే వెంటనే మునగదు. లోపల గాలి ఉన్నంతసేపూ తేలుతుంది. ఆకు నానేకొద్దీ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగాక కూడా ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతూనే ఉంటుంది. జీవితంలో సగం పైగా తాటాకు సరుకు అమ్ముకుంటూ తిరిగిన నాకు ఈ సంగతి తెలుసుకునే అవసరం ఒకే ఒక్క మధ్యాహ్నం వచ్చింది.

ఆ మధ్యాహ్నం గురించి మీకు చెప్పాలనిపించింది. మా సంఘం తరఫున ఇప్పుడు స్టాళ్ళకు వెళ్తున్నది మీరు. సరుకు ఎలా సర్దాలో, కొనేవాళ్ళతో ఎలా మాట్లాడాలో మీకు నేను నేర్పాల్సిన పనిలేదు. ఫోనులో ఫొటో పెట్టి, నేను పేరు కూడా వినని ఊళ్ళకు సరుకు పంపుతున్నారు. నా మోకాళ్ళు ఇక బస్సు మెట్లు ఎక్కలేమంటున్నాయి కాబట్టి నేను ఇంటిపట్టున కూర్చున్నాను. కూర్చున్నప్పుడు బాగా అమ్ముడుపోయిన మేళాలేవీ గుర్తుకు రావు. సరుకంతా నీళ్ళపాలైన మేళా ఒక్కటే గుర్తొస్తుంది.

మాది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు మట్టల ఆదివారం వస్తుందంటే చర్చికి కావలసిన తాటాకు శిలువలు మా ఇంట్లోనే చేసేవాళ్ళం. నేను చేసిన శిలువ ఎప్పుడూ ఒక పక్కకు వంగేది. పాస్టరుగారు ఏమీ అనకుండా దాన్ని తిరిగి నా చేతికే ఇచ్చేవారు, నువ్వే పట్టుకో తల్లీ అన్నట్టు. పెళ్ళయ్యాక ఊళ్ళో ఆడవాళ్ళమంతా కలిసి బుట్టలల్లే సంఘం పెట్టుకున్నాం. నా అల్లిక చూసి, "నీకు చెయ్యి లేదు గానీ నోరుంది, నువ్వు అమ్మిపెట్టు" అన్నారు. అదే నా ఉద్యోగం అయిపోయింది.

ఏడాది పొడవునా మేళాలే. ఎండాకాలం విశాఖ బీచి రోడ్డు పక్క, వానల్లో హైదరాబాదు హాళ్ళలో, చలి ముదిరాక ఢిల్లీలో. మధ్యలో రాజమండ్రి, తిరుపతి, భువనేశ్వర్. ఎక్కడికెళ్ళినా అదే రేకుల స్టాలు, అదే వంకర బల్ల, పక్క స్టాలువాడితో అదే హద్దు తగాదా. "ఇది ప్లాస్టిక్కా అండీ?" అని అడిగేవాళ్ళకు, కాదండీ తాటాకు అని వాసన చూపించడం. "మా అమ్మమ్మ ఇంట్లో ఇట్లాంటివి ఉండేవి" అని చెప్పి కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళకు నవ్వుతూ నమస్కారం పెట్టడం. ఇన్ని ఊళ్ళు తిరిగినా మాకు అసలైన మేళా విజయవాడదే. కార్తీకం ముగిసే రోజుల్లో జరిగేది. పెద్ద పెద్ద షాపులవాళ్ళు అక్కడికి వచ్చి చూసి ఏడాదికి సరిపడా ఆర్డర్లు ఇచ్చేవారు. అక్కడ బాగా ఆడితే ఏడాదంతా ఊళ్ళో పని ఉండేది.

నేను చెప్పే సంవత్సరం మా సంఘం పరిస్థితి ఏమీ బాగాలేదు. చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులవుతున్నాయి. రొయ్యలు వలిచే షెడ్లవాళ్ళు తెల్లారేసరికి ఊళ్ళోకి వ్యాను పంపి ఆడవాళ్ళను ఎక్కించుకుపోతున్నారు. చేతులు ఐసులో మొద్దుబారినా సాయంత్రానికి కూలి చేతికొస్తుంది. బుట్ట అలా కాదు, అల్లి, రంగేసి, మేళా దాకా ఎదురుచూడాలి. "ఈ విజయవాడ కూడా చూస్తాం, సరుకు కదలకపోతే మేమూ షెడ్డుకే" అని మొహం మీదే చెప్పారు. వాళ్ళను నేను తప్పుపట్టలేకపోయాను. వానాకాలమంతా కూర్చుని, ఇంతకుముందు ఎన్నడూ చేయనంత సరుకు చేశారు. బుట్టలు, పెట్టెలు, విసనకర్రలు, చేతిసంచులు. మా పంచలన్నీ నిండిపోయి పిల్లలు బయట పడుకునేవారు.

ఆ ఏడాది మేళావాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. స్టాలులో అమ్మే మనిషితో పాటు అల్లే మనిషి కూడా కూర్చుని, వచ్చినవాళ్ళకు అల్లి చూపించాలి. దాంతో మా అక్క బయల్దేరింది. అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. మా సంఘంలో అందరికంటే పెద్దది, మంచి పనిమంతురాలు. రంగులు ఉడకబెట్టడం దగ్గర్నుంచి అంచు కట్టడం దాకా అందరికీ ఆవిడే నేర్పింది. కోడళ్ళు, మనవరాళ్ళు కూడా ఆవిడను అక్కా అనే పిలుస్తారు. కనకదుర్గమ్మ దర్శనానికి తప్ప విజయవాడ వెళ్ళి ఎరగదు. ఆవిడ అల్లినవి ఢిల్లీ దాకా వెళ్ళాయి. అవి అమ్మే చోటు మాత్రం ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

మేళా ముందురోజు పొద్దున మినీ వ్యానులోకి సరుకెక్కించాం. పట్టా కప్పే దగ్గర నాకూ అక్కకూ మాటా మాటా వచ్చింది.

"పట్టా కప్పుదామక్కా. దారిలో జల్లు పడిందంటే అంతే సంగతులు."

"ఆకుకి ఊపిరాడాలే అమ్మాయ్. పట్టా కప్పితే నీ విజయవాడ చేరేలోపు ఉడికిపోద్ది. వల కట్టించు."

ఆవిడ మాటే నెగ్గింది. చెరువుల దగ్గర వాడి పారేసిన పాత వల తెచ్చి పైన కప్పి, నాలుగు మూలలా ముడేశాం. ఆకాశం తేటగానే ఉంది. వ్యాను మా ఊరి అతనిదే. నన్ను పిన్నీ అంటాడు. సీటులో అతనూ, మధ్యలో అక్క, ఈ చివర నేను. అక్క కొత్త చీర కట్టుకుని, నూనె రాసిన తలతో, పెళ్ళికి పోతున్నట్టు కూర్చుంది.

పామర్రు దాటాక రోడ్డు మీద ధాన్యం ట్రక్కులు బారులు తీరి ఉన్నాయి. కోతల కాలం. మావాడు కాసేపు హారన్ కొట్టి, విసుగొచ్చి, వ్యానును పక్కనున్న కాలువ గట్టు మీదికి మళ్ళించాడు.

"గట్టు మీంచి పోతే ఈ గోల ఉండదు పిన్నీ. నాకలవాటే."

గట్టు రోడ్డు బాగానే ఉంది. ఒక పక్క కోసిన చేలు, ఇంకో పక్క నిండుగా కాలువ. అక్క కిటికీలోంచి కాలువ వంక చూస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. మలుపు తిరగగానే ఎదురుగా కోత మిషను వచ్చింది. రోడ్డు మొత్తం అదే ఉంది. మావాడు కాలువ వైపు అంచుకు జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. నీరు తాగి మెత్తబడిన మట్టి చక్రం కింద జారింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ముసలి గేదె నీళ్ళలో కూర్చున్నట్టు వ్యాను నెమ్మదిగా కాలువలోకి ఒరిగింది.

లోపలికి నీళ్ళు వచ్చాయి. అక్క నా మీద పడింది, మావాడు అక్క మీద పడ్డాడు. కోత మిషనువాళ్ళు దూకి వచ్చి పైకి ఉన్న తలుపు లాగి, తాడు అందించి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళను గట్టెక్కించారు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. అక్క మోచెయ్యి కొంచెం గీసుకుంది, అంతే. గట్టు మీద నిలబడి ఊపిరి తీసుకుని, అప్పుడు కాలువ వంక చూశాను.

వల ముడులు విడిపోయాయి. సరుకంతా నీళ్ళ మీదికొచ్చింది.

మావాడు నేల మీద కూలబడి తల బాదుకుంటున్నాడు. "చంపెయ్యి పిన్నీ, నన్ను చంపెయ్యి. ఊళ్ళో మొహం ఎట్టా చూపించను?" వానాకాలమంతా వంగి పనిచేసిన వాళ్ళ నడుములే కళ్ళ ముందు మెదిలాయి. రేపు పొద్దున ఖాళీ స్టాలు, ఎల్లుండి ఊరి మొగలో ఆగే షెడ్డు వ్యాను.

అక్క గట్టు మీద చతికిలబడి, తడి జుట్టు మొహానికి అంటుకుని ఉండగా కాలువ వైపే చూస్తోంది. ఏడుస్తుందేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను.

"అబ్బ, ఎన్నున్నాయో చూడవే" అంది.

నాకు ఒళ్ళు మండింది. "అక్కా, సరుకంతా పోయింది!"

"పోతే పోయింది. చూడవే. ఇయ్యన్నీ మనమే అల్లామా?"

అప్పుడు నేను కూడా చూశాను. మా సరుకును నేను ఎప్పుడూ కట్టలుగానే చూశాను. పంచలో ఒక కట్ట, బల్ల కింద ఒక కట్ట, స్టాలులో కొక్కేలకు కొన్ని. అంతా ఒక్కచోట, ఇంత వెడల్పున, కదులుతూ ఎన్నడూ చూడలేదు. కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా రంగులే. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, రంగు వేయని ఆకు తెలుపు. పెద్ద బుట్టలు ముందు పోతుంటే చిన్నవి వాటిని తాకుతూ, తిరుగుతూ, మళ్ళీ విడిపోతూ పోతున్నాయి. విసనకర్రలు తామరాకుల్లా పరుచుకున్నాయి. ఒక బుట్ట పిడి మీద లకుముకిపిట్ట వాలి, దిగకుండా అలాగే దానితో పాటు సాగిపోయింది. ఎండ నేరుగా పడుతోంది. కోత మిషనువాళ్ళు కూడా చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి చూస్తున్నారు.

చెప్తే మీరు నవ్వుతారు గానీ, ఒక్క నిమిషం నేను కూడా ఏడుపు మర్చిపోయాను.

ప్రవాహం సముద్రం వైపు, అంటే మేం వచ్చిన దారినే వెనక్కి పోతోంది. అంతలో ఖాళీ పాల క్యాన్లు కట్టిన మోటారుసైకిలు మీద ఒకాయన వచ్చి ఆగాడు. సంగతి అర్థం చేసుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"ఎక్కండమ్మా. కింద లాకులున్నాయి. అక్కడ ఆగుతాయి" అన్నాడు.

అక్కను కోత మిషనువాళ్ళకు అప్పగించి, క్యాన్ల మధ్య ఎలాగో ఇరుక్కుని కూర్చున్నాను. బండి గట్టు వెంట దూసుకుపోతుంటే పక్కన మా బుట్టలు కూడా వస్తున్నాయి. కొన్నింటిని దాటాం. కొన్ని మాకంటే ముందే పోయాయి.

లాకుల దగ్గర కాలువ డిపార్టుమెంటు లస్కరు ఉన్నాడు, నీళ్ళు వదిలే తలుపులు చూసుకునే మనిషి. బట్టతల, మెడలో తువ్వాలు. నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క కలుపు వచ్చి తలుపులకు అడ్డంపడకుండా కాలువకు అడ్డంగా వెదురు బొంగులు కట్టి ఉన్నాయి. ఆ బొంగులకు ఆనుకుని మా బుట్టలు కుప్పపడుతున్నాయి. ఆయన మోకాలి దాకా నీళ్ళలో దిగి కొక్కెం కర్రతో ఒక్కొక్కటే తీసి ఒడ్డున పెడుతున్నాడు.

"మీయేనా అమ్మా ఇయ్యి? దూరం నుంచి చూసి గుర్రపుడెక్కకి ఈ రంగు పూలేంటా అనుకున్నా" అన్నాడు.

మావే అన్నాను.

"అన్నీ ఆగలేదమ్మా. నేను చూసుకునేలోపు బొంగుల కింద నుంచి దూరి చాలా పోయినయ్యి. కింద ఊళ్ళకి ఫోన్లు చేశా."

"ఏమని చెప్పారండీ?"

"ఎవరో ఆడాళ్ళ కష్టం కొట్టుకొస్తంది, పట్టండని చెప్పా."

మా పేరు, ఊరు, సరుకు ఎవరిది, ఏదీ ఆయనకు అప్పటికి తెలియదు. నేనింకా అక్కడికి చేరకముందే ఆ మాట చెప్పేశాడు. ఎన్నో ఊళ్ళలో ఎందరో అధికారుల ముందు మా పని గురించి ఉపన్యాసాలు చెప్పినదాన్ని. ఇంత పొట్టిగా, ఇంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

తడిసిన తాటాకుకు నీళ్ళతో ప్రమాదం లేదు. అల్లేముందు నానబెట్టుకునేదే. తడి మీద కట్టగడితే బూజు పడుతుంది, మండే ఎండలో పెడితే పెళుసుబారి విరుగుతుంది. ఆ సంగతి లస్కరుకు చెప్పాను. "అట్టాగా" అని మళ్ళీ ఫోన్ తీశాడు. పాలాయన నన్ను మళ్ళీ బండెక్కించుకుని కిందికి బయల్దేరాడు.

మొదటి ఊరు కనబడకముందే మైకు వినబడింది. చర్చి మైకు. "సంఘస్తులకు, గ్రామస్తులందరికీ మనవి. మన కాలవలో తాటాకు బుట్టలు కొట్టుకొస్తన్నాయి. దయచేసి అందరూ రేవులోకి వచ్చి పట్టవలసిందిగా కోరుతున్నాం." అది ఆగగానే, ఊరికి అవతలి వైపు నుంచి రామాలయం మైకు అందుకుంది. "ఎండలో పెట్టొద్దంట. నీడన ఆరేయాలంట. ఒకదాని మీద ఒకటి పెట్టొద్దంట." ఆ గొంతు ఎవరిదో గానీ, పెళ్ళిలో వడ్డనకు పురమాయిస్తున్నట్టు చెప్తోంది.

మలుపు తిరిగాం. పాలాయన బండి ఆపేశాడు. నేను ఆపమనలేదు.

రేవంతా మనుషులే. మగవాళ్ళు నడుములోతు నీళ్ళలో చేపల వల అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు మెట్ల మీద వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ బుట్టలను పైకి అందిస్తున్నారు. పైన ఒకావిడ ఒక్కొక్క బుట్టనూ బోర్లించి, నీళ్ళు వార్చి, పమిటతో లోపల తుడిచి అవతలివాళ్ళకిస్తోంది. ఇళ్ళ పంచల్లో, పశువుల పాకల కింద, స్కూలు వరండాలో, బట్టలారేసే తీగల మీద, ఎక్కడ నీడ ఉంటే అక్కడ మా బుట్టలు. ఒకదానికొకటి తగలకుండా, పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస. పండగకు అలంకరించినట్టుంది ఊరు.

పమిటతో తుడుస్తున్నావిడ దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నాను.

"ఎవరమ్మా మీరు?" అంది.

"ఇవి మావండీ."

"అయ్యో, ఇట్టా నిలువునా తడిసిపోయి ఉన్నారేంటి!" అని, నేను చెప్పబోయేది వినిపించుకోకుండా ఇంట్లోకి లాక్కుపోయింది. తలుపేసి, పెట్టెలోంచి ఉతికిన చీర తీసిచ్చింది. నీలం మీద తెల్ల పూలు. అది కట్టుకునే బయటికొచ్చాను. మంచినీళ్ళిచ్చింది, ఇన్ని మరమరాలు పెట్టింది.

"మీకు ఇంత శ్రమ ఇచ్చాం" అన్నాను.

"శ్రమేముందండీ. చేత్తో చేసిన వస్తువు కళ్ళ ముందు పోతుంటే చూస్తా ఎట్టా ఊరుకుంటాం?"

అక్కడి నుంచి ఇంకో ఊరు. తర్వాత ఇంకొకటి. ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరు. ఒకచోట రేవు లేకపోతే కుర్రాళ్ళు తాడు కట్టుకుని ఈదారు. ఒకచోట బట్టలుతికేవాళ్ళు తమ బండలన్నీ ఖాళీ చేసి మా బుట్టలు పెట్టారు. ఇంకొకచోట నేను వెళ్ళేసరికి ఎవరూ లేరు. ఖాళీ గట్టు మీద తుమ్మచెట్టు నీడలో బుట్టలు మాత్రం ఆరుతున్నాయి, పక్కన ఒక కుక్క కాపలా ఉన్నట్టు పడుకుని ఉంది. తీసినవాళ్ళెవరో పనికి వెళ్ళిపోయి ఉంటారు. ఆ మనుషులు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. జనమంతా ఉన్న రేవు కంటే, ఎవరూ లేని ఆ గట్టే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

పొద్దు వాలే వేళకు ఒక రైతు ట్రాక్టరు ట్రక్కు తెచ్చి పెట్టాడు. ధాన్యం తోలుకోవడానికి కడిగి సిద్ధం చేసుకున్న ట్రక్కు. "వడ్లు రేపు తోలుకోవచ్చులెండి, మబ్బేమీ లేదుగా" అన్నాడు. కింది నుంచి పైకి ఊరూరా ఆగుకుంటూ సరుకెక్కించుకుని, అక్కను ఎక్కించుకుని విజయవాడ చేరాం. మావాడు వ్యాను దగ్గరే ఉండిపోయాడు. కోత మిషనువాళ్ళే తాడు కట్టి బయటికి లాగిపెట్టారట. వ్యాను బాగుపడింది గానీ, మావాడు మాత్రం ఇప్పటికీ కాలువ గట్టు కనిపిస్తే చాలు, చుట్టు తిరిగి పోతాడు.

మర్నాడు పొద్దున స్టాలు తెరిచేసరికి సగానికి పైగా సరుకు ఉంది, కానీ తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎదురు స్టాలు కొండపల్లి బొమ్మలాయనది. ఏటా హద్దు దగ్గర నాతో తగాదా పడే మనిషి. నేను ఒక జానెడు ముందుకు బల్ల జరిపినా మేళా ఆఫీసుకు వెళ్ళి చెప్పేవాడు. మా అవస్థ చూసి, ఏమీ అడక్కుండా తన రెండు ఫ్యాన్లూ తెచ్చి మా వైపు తిప్పాడు. తర్వాత తన స్టాలు ముందు భాగం ఖాళీ చేసి, "ఇక్కడ కూడా ఆరేసుకోండి. ఈ ఒక్కసారికి" అన్నాడు.

రంగులు కలిసిపోయాయి. ఎరుపు వెళ్ళి పసుపులో దిగింది, ఆకుపచ్చ అంచులు చెదిరి మబ్బులయ్యాయి. అవి లోపల దాచేసి, చెదరని నాలుగూ ముందు పెడదామని నేను సర్దుతుంటే అక్క వచ్చి నా చేతిలోంచి లాక్కుంది.

"దాస్తావేంటే? కాలవేసిన రంగు ఇది. మనకి చేతనవుద్దా?"

చెదిరిన బుట్టలే ముందు వరసలో పెట్టింది. వాటి కింద కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళు ఇదేం రంగండీ, ఎలా వేశారండీ అని అడిగేవాళ్ళు. నేను కాలువ సంగతి చెప్పేదాన్ని. మొదట క్లుప్తంగా చెప్పాను, పోనుపోను ఊరూరా చెప్పసాగాను. కొందరు విని బుట్టను మెల్లగా నిమిరేవారు. షాపులవాళ్ళు వచ్చారు, చూశారు, విన్నారు, ఆర్డర్లిచ్చారు. కథ విని ఇచ్చారో, సరుకు చూసి ఇచ్చారో నాకు తెలియదు. మేం ఊరుకు తిరిగి వెళ్ళాక కొందరు షెడ్డుకే వెళ్ళారు, అవసరాలు అలాంటివి. ఎక్కువమంది మాత్రం పంచల్లోనే ఉండిపోయారు. సంఘం నిలబడింది. మీరంతా ఇవాళ అందులో ఉన్నారు.

అయితే నేను చెప్పాలనుకున్నది అక్కడితో ఆగదు.

మేం మేళాకు పోతున్నామన్న కబురు కాలువ వెంట ఊళ్ళన్నిటికీ పాకినట్టుంది, మేళా జరిగినన్నాళ్ళూ బుట్టలు వస్తూనే ఉన్నాయి. కాలువకు దూరంగా ఉన్న ఊళ్ళ మీదుగా వచ్చే ఒక బస్సు కండక్టరు, ఎవరో దారిలో ఎక్కి ఇచ్చారని, ఒక గోనెసంచీ తెచ్చి స్టాలులో దించాడు. ఆ వైపుకు మా సరుకు ఏ పిల్లకాలువలో పడి పోయిందో! కాలేజీ అమ్మాయి ఒకతి తన పుస్తకాల సంచిలోంచి విసనకర్ర తీసి, "మా నాన్న ఇమ్మన్నారండీ" అని పెట్టేసి, సిగ్గుపడి పారిపోయింది. వచ్చిన ప్రతిదాన్నీ అక్క రెండు చేతులతో అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కొక్కేనికి తగిలించేది. ఆవిడ మొహం చూస్తే, తప్పిపోయిన పిల్లలు ఇంటికి వస్తున్నట్టుండేది.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. స్టాళ్ళన్నీ చూసుకుంటూ వచ్చి మా ముందు ఆగాడు.

"కాలవలో పడింది మీ సరుకేనా అండీ?"

అవునన్నాను. చేతిసంచిలోంచి తువ్వాలు మడత తీసి, బల్ల మీద పెట్టి విప్పాడు. లోపల ఒక మూత ఉంది. చిన్న పెట్టె మూత, అరచేతంత. పసుపు రంగు, మధ్యలో ఎర్రగా దిగిన మరక.

"పెట్టె దొరకలేదండీ" అన్నాడు, తనే పోగొట్టినట్టు. "మూతొక్కటే వచ్చింది. మా ఆవిడ రోజూ పొద్దున్నే గుర్రపుడెక్కలో దిగి దేవులాడతానే ఉంది. పెట్టె లేకుండా ఉత్త మూత పంపిస్తే ఏం బాగుంటదని ఇన్నాళ్ళూ ఆగింది. మేళా అయిపోతందని ఎవరో చెప్తే, పోనీ మూతన్నా ఇచ్చి రమ్మని నన్ను బస్సెక్కించింది."

ఏ ఊరండీ అని అడిగాను. చెప్పాడు. నేను ఎన్నడూ వినని ఊరు. ఎక్కడుంటుందంటే, ఇక దాని తర్వాత సముద్రమే అన్నాడు. మా మూత అన్ని లాకులూ దాటుకుని, అన్ని ఊళ్ళూ దాటుకుని అంతదూరం పోయింది. దాన్ని పట్టుకుని ఈ మనిషి అంతదూరమూ తిరిగి వచ్చాడు. ఆయన పనల్లా అదొక్కటే, నగరంలో ఇంకే పనీ లేదు.

నాకు నోరుందని కదా ఈ ఉద్యోగం ఇచ్చారు. ఆ వేళ నోటితో పని లేక, ఆయనకు రెండు చేతులూ జోడించాను.

అక్క మూత చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పి చూసింది, అంచు వేలితో తడిమింది. తర్వాత స్టూలు జరిపి, "కూర్చో నాయనా" అంది.

"వద్దండీ, బస్సు పోద్ది."

"పోతే ఇంకోటొస్తది. కూర్చో."

నానబెట్టిన ఆకు తీసి, మూత ఒళ్ళో పెట్టుకుని అల్లడం మొదలుపెట్టింది. మీకు తెలుసు, మనం పెట్టె అల్లి, దానికి సరిపడా మూత అల్లుతాం. మూతను బట్టి పెట్టె అల్లడం నేను అంతవరకు చూడలేదు. అడుగు వేసింది, గోడలు లేపింది. మధ్యమధ్యలో మూత పెట్టి చూసుకుని, ఒక పేట విప్పి మళ్ళీ వేసింది. ఆవిడ పక్కనే ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, డాక్టరు గది ముందు కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చున్నాడు. జనం ఆగడం మొదలైంది. సంగతి ఒకళ్ళ నుంచి ఒకళ్ళకు పాకింది. ఎదురు స్టాలు బొమ్మలాయన కొనేవాళ్ళను వదిలేసి వచ్చి వెనకాల నిలబడ్డాడు. అక్క ఎవరినీ చూడటం లేదు.

మేళాలో దీపాలు వెలిగే వేళకు అంచు కట్టేసి, మూత పెట్టింది. అది చప్పుడు లేకుండా పెట్టె మీద సరిగ్గా కూర్చుంది. అక్క దాన్ని అలాగే ఆయన చేతిలో పెట్టింది.

"నాకెందుకండీ?" అన్నాడు ఆయన కంగారుగా.

"నీక్కాదు. మీ ఆవిడకి."

ఆయన మూత తీశాడు, పెట్టాడు. మళ్ళీ తీసి, లోపల చూసి, మళ్ళీ పెట్టాడు. పెట్టెను తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టబోయి, ఎందుకో మానేసి, రెండు చేతులతో గుండెకు ఆనించుకుని లేచాడు. జనం పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చారు.

అక్క వేళ్ళు విరుచుకుంటూ, "అమ్మాయ్, టీ తెప్పించవే" అంది. నాకు వెంటనే లేవబుద్ధి కాలేదు. ఆయన వెళ్ళిన వైపే చూస్తూ, రేవు ఊరావిడ ఇచ్చిన, ఇంకా తిరిగివ్వని ఒంటి మీది నీలం చీర కొంగు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను.